డిస్క్ ప్లేయర్‌ను డిజిటల్ కేబుల్‌తో 5.1 సిస్టమ్‌కు కలపడం ఎలా?

ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో డీవీడీ ప్లేయర్‌ను కలిపితే వచ్చేది రెండు ఛానెళ్ల స్టీరియోనే. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. డిజిటల్ కేబుల్‌తో సెంటర్‌కు, వెనక స్పీకర్లకు విడివిడిగా శబ్దం అందాలంటే డిస్క్‌లోని డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ డేటా (ఆరు ఛానెళ్ల శబ్దాన్ని కుదించి రాసే పద్ధతులివి) ఉన్నదున్నట్టు రిసీవర్‌కు, అంటే స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్‌కు చేరాలి. దాన్ని ఆరు ఛానెళ్లుగా విడగొట్టే పని రిసీవర్‌లోని డీకోడర్‌ది.

అందుకే కేబుల్ కొనేముందు యాంప్లిఫయర్ వెనక్కి ఒకసారి చూడండి. అసెంబుల్ చేసి అమ్మే 5.1 సెట్లలో చాలావాటికి ఆరు ఆర్‌సీఏ సాకెట్లే (ఎరుపు, తెలుపు పిన్నుల లాంటివి పట్టేవి) ఉంటాయి, డీకోడర్ ఉండదు. డిజిటల్ కేబుల్ పెట్టాలంటే వాటికి విడిగా డీకోడర్ బాక్స్ కావాలి.

1. కేబుల్ ఎంచుకోండి. రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే అదే మేలు. బ్లూ-రేలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే మేలురకం ట్రాకులు ఆప్టికల్ (వెలుతురును మోసే ఫైబర్ వైరు)లోనూ కోయాక్సియల్ (ఒకే పిన్ను ఉండే రాగి వైరు)లోనూ పోవు. డీవీడీకి మాత్రం ఆ రెండింటిలో ఏదైనా చాలు, నాణ్యతలో తేడా రాదు. కోయాక్సియల్‌కు 75 ఓమ్‌ల కేబుల్ వాడాలి. మీటరు లోపు దూరమైతే టీవీకి వాడే పసుపు పిన్ను వైరు కూడా పనిచేస్తుంది.

2. ప్లేయర్, రిసీవర్ రెండింటినీ ఆపి కేబుల్ పెట్టండి. ఆప్టికల్ వైరు రెండు కొనలకూ చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి, తీయడం మరవకండి. పిన్ను ఒకే దిశలో పడుతుంది, బలవంతంగా తొయ్యొద్దు. వైరును మడత పెట్టొద్దు, లోపలి ఫైబర్ దెబ్బతింటుంది. ప్లేయర్ ఆన్ చేశాక అవతలి కొనలో ఎర్రని వెలుగు కనబడితే సిగ్నల్ వస్తున్నట్టే.

3. రిసీవర్‌లో ఆ సాకెట్‌కు సరిపడే ఇన్‌పుట్ ఎంచుకోండి. కొన్ని రిసీవర్లలో ఏ సాకెట్ ఏ బటన్‌కు చెందుతుందో మెనూలోని ఇన్‌పుట్ అసైన్‌లో చెప్పాలి.

4. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్లేయర్ ఆడియో సెటప్‌లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం (ప్లేయరే విప్పి పంపే మామూలు డిజిటల్ శబ్దం) అని ఉంటే ఆప్టికల్, కోయాక్సియల్‌లో రెండు ఛానెళ్లే వెళ్తాయి. కేబుల్ బాగానే ఉంటుంది, శబ్దమూ వస్తుంది, వెనక స్పీకర్లు మాత్రం పలకవు. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కు (డేటాను విప్పకుండా పంపే పద్ధతికి) మార్చండి, కొన్నింటిలో రా (RAW) అని రాసి ఉంటుంది. డీటీఎస్‌కు వేరే ఆప్షన్ ఉంటే అదీ ఆన్ చేయాలి. బ్లూ-రే ప్లేయర్‌లో సెకండరీ ఆడియో (వ్యాఖ్యానం లాంటి అదనపు శబ్దాన్ని కలిపేది) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ట్రూహెచ్‌డీ కూడా మామూలు డాల్బీగానో డీటీఎస్‌గానో మారిపోతుంది.

5. డిస్క్ మెనూలో 5.1 ట్రాక్ ఎంచుకుని, వాల్యూమ్ తగ్గించి ప్లే చేయండి. రిసీవర్ డిస్‌ప్లేపై డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ అని పడాలి. పీసీఎం అని పడితే మళ్లీ నాలుగో అంచెకు వెళ్లండి. డిస్క్‌లో ఉన్నది స్టీరియో ట్రాకే అయితే ఏ సెటింగూ దాన్ని అసలైన 5.1 చేయలేదు. ఎంపీ3 డిస్కుల సంగతీ అంతే.

డీటీఎస్ ట్రాక్ పెట్టగానే బుస్సుమనే హోరు వస్తే, రిసీవర్ ఆ డేటాను పీసీఎం అనుకుంటోందని అర్థం. వెంటనే ఆపండి, ఆ హోరుకు ట్వీటర్లు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) పాడవొచ్చు. ఇన్‌పుట్ మోడ్‌ను ఆటోకు మార్చి చూడండి. అయినా పోకపోతే ఆ రిసీవర్‌కు డీటీఎస్ డీకోడర్ లేకపోయి ఉండొచ్చు, అప్పుడు డిస్క్‌లో డాల్బీ ట్రాక్ ఎంచుకోవాలి. కోయాక్సియల్ పెట్టాక గుయ్యిమనే హమ్ వస్తే అది ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు ఆ వైరు గుండా కలిసి వచ్చే చిక్కు) కావొచ్చు. ఆప్టికల్‌లో పోయేది వెలుతురే కాబట్టి, కేబుల్ మారిస్తే ఆ దారిన హమ్ రాదు.