మన ఇంటి ఏసీ కరెంటు లెక్క: మూడో పాఠం

ఈసారి పైకప్పు వేడి గురించి చెబుదామనుకున్నాను. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రికి 8 గంటలు నడిస్తే ఎన్ని యూనిట్లు కాలుతుందన్న పోయిన పాఠం లెక్కకి వచ్చిన జవాబులు చూశాక అది కుదిరేలా లేదు. బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా ఎక్కువమంది ఒక్కచోటే బోల్తా పడ్డారు. ఒకటిన్నర టన్నంటే 5.27 కిలోవాట్లు, రాత్రికి 8 గంటలు, కాబట్టి 42 యూనిట్లట! గుణకారం సరిగ్గానే ఉంది. నిజంగా అంత కాలితే నెల తిరక్కుండా ఏసీ అమ్ముకోవాలి.

టన్ను అంటే ఏసీ గదిలోంచి బయటికి మోసే వేడి, లాగే కరెంటు కాదు. బస్తా బరువు వేరు, కళాసీ కూలి వేరు. టన్నుకి 3.517 కిలోవాట్ల వేడి. దాన్ని ఏసీ సామర్థ్యంతో, అంటే ఒక యూనిట్ కరెంటుకి అది ఎన్ని యూనిట్ల వేడి మోస్తుందో ఆ అంకెతో, భాగిస్తేనే కరెంటు తేలుతుంది. సామర్థ్యం 3.5 అనుకుంటే, 5.27ని 3.5తో భాగించండి: ఒకటిన్నర కిలోవాట్. 8 గంటలకి 12 యూనిట్లు. టన్నుని గంటలతో నేరుగా గుణించొద్దు. ఒక టన్నయినా, రెండు టన్నులైనా అంతే. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదిస్తుంది, ఇంకా తక్కువే కాలుతుంది. స్టార్ లేబుల్ మీది సామర్థ్యం అంకె ఏడాదికి 1600 గంటల వాడకం మీద కట్టిన సగటు. మే నెల మధ్యాహ్నానికి అది పనికిరాదు.

18 పెడితే గది తొందరగా చల్లబడదన్నది తెలిసిందే, వదిలేస్తున్నా. నేనైతే 26 పెట్టి ఫ్యాను వేసుకుంటాను.

చంద్రపూర్ ఎండలకి కూలర్ సరిపోతుంది, అక్కడ గాలి పొడి. మన గంజాం తీరంలో ఏసీ సగం పని గాలిలోంచి నీళ్ళు పిండటమే అనిపిస్తుంది. లీటరు నీరు దిగాలంటే దాదాపు 0.68 యూనిట్ల వేడి తియ్యాలి. డ్రెయిన్ పైపు కింద పెట్టిన పది లీటర్ల బక్కెట్ నిండిందంటే 6.8 యూనిట్ల వేడి, దాన్ని 3.5తో భాగిస్తే నీళ్ళకే దాదాపు రెండు యూనిట్ల కరెంటు పోయినట్టు. తలుపు ఓరగా వదిలేసేవాళ్ళు ఈ లెక్క కట్టి చూసుకోండి.

అభ్యాసం: యూనిట్‌కి కరెంటు మీటరులోని చిన్న దీపం ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే రాసి ఉంటుంది, చాలావాటి మీద 3200. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, ఏసీ ఒక్కటే ఉంచి, నిమిషంలో ఎన్ని మెరుపులో లెక్కపెట్టండి. 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు. 80 వస్తే ఒకటిన్నర. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఇంకోసారి. అవునండీ, మూడింటికే. ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకండి.