గ్యాస్ట్రినోమా నిర్ధారణ: ఎప్పుడు అనుమానించాలి, ఎలా తేల్చుకోవాలి

అల్సర్ ఉన్న ప్రతి రోగిలోనూ గ్యాస్ట్రినోమా కోసం వెదకనక్కర్లేదు. ఇది గ్యాస్ట్రిన్ అనే హార్మోనును అతిగా విడుదల చేసే, చాలా అరుదైన కణితి. అల్సర్లలో అత్యధిక భాగానికి హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా గానీ, నొప్పి మాత్రలు గానీ కారణమవుతాయి. ఆ రెండూ లేవని తేలాక కూడా పుండ్లు మళ్లీ మళ్లీ వస్తున్నా, ఒకేసారి అనేకం కనిపించినా, చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్ దాటి, దాని తర్వాతి భాగమైన జెజునంలో ఏర్పడినా ఈ కణితిని అనుమానించాలి. 1955లో అమెరికన్ సర్జన్లు జోలింజర్, ఎల్లిసన్ తొలిసారి వర్ణించిన రోగుల్లో ఉన్నవి జెజునం పుండ్లే. అందుకే ఈ జబ్బుకు జోలింజర్-ఎల్లిసన్ సిండ్రోమ్ అని పేరు.

చాలామంది పట్టించుకోని లక్షణం నీళ్ల విరేచనాలు. కణితి విడుదల చేసే గ్యాస్ట్రిన్ హార్మోను వల్ల కడుపులో ఆమ్లం విపరీతంగా ఊరి పేగుల్లోకి దిగుతుంది. అక్కడ కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ ఎంజైము పనిచేయకుండా పోతుంది. ఏళ్ల తరబడి ఉన్న విరేచనాలు ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందు మొదలుపెట్టగానే తగ్గి, ఆపగానే తిరగబెడితే, నా దృష్టిలో అది పుండు కంటే బలమైన ఆధారం.

మొదటి పరీక్ష పరగడుపున రక్తంలో గ్యాస్ట్రిన్ కొలవడం. అయితే ఆ సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం పెద్ద పొరపాటు. ఒమెప్రజోల్ తరగతి మందులు వాడేవారిలో, కడుపు లోపలి పొర క్షీణించినవారిలో ఆమ్లం తగ్గిపోతుంది కనుక, దాన్ని పెంచడానికి శరీరమే గ్యాస్ట్రిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. కాబట్టి కడుపులోని ద్రవం పీహెచ్‌ను (ఎంత తక్కువైతే అంత ఎక్కువ ఆమ్లం అని చెప్పే కొలత) కూడా కొలవాలి. గ్యాస్ట్రిన్ మిల్లీలీటరుకు 1000 పికోగ్రాములు దాటి, పీహెచ్ 2 కంటే తక్కువగా ఉంటే రోగం దాదాపు ఖాయమే. గ్యాస్ట్రిన్ పెరిగినా 1000 లోపే ఉంటే సిక్రెటిన్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలుస్తారు. అంతకుముందున్న స్థాయి కంటే 120 పికోగ్రాములు లేదా అంతకు మించి పెరిగితే గ్యాస్ట్రినోమా ఉన్నట్లు భావిస్తారు.

పరీక్ష కోసం మందును సొంతంగా ఆపకూడదు. ఈ రోగుల్లో హఠాత్తుగా మానేస్తే రక్తస్రావం గానీ, పేగుకు రంధ్రం గానీ పడే ప్రమాదం ఉంది. ఆపడమా, వేరే మందుకు మార్చడమా అన్నది అనుభవమున్న నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి.

రక్తపరీక్షలతో రోగం తేలిన తర్వాతే కణితి ఎక్కడుందో వెదకాలి. డుయోడినమ్ గోడలోని కణితులు తరచుగా సెంటీమీటరు కూడా ఉండవు కనుక సీటీ స్కాన్‌లో కనిపించకపోవచ్చు. ఇలాంటి కణితుల కణాలపై ఉండే సొమాటోస్టాటిన్ హార్మోను గ్రాహకాలను పట్టిచూపే గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్, గొట్టంతో లోపలి నుంచే చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అప్పుడు ఉపయోగపడతాయి. కాలేయానికి పాకిందేమో కూడా చూడాలి. దాదాపు నలుగురిలో ఒకరికి ఇది పలు హార్మోను గ్రంథుల్లో కణితులు పుట్టించే మెన్-1 అనే వంశపారంపర్య వ్యాధిలో భాగంగా వస్తుంది కాబట్టి కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ప్రొలాక్టిన్ పరీక్షలు ప్రతి రోగికీ చేయించాలి.