సాధన ఆగిన రోజుల్లో మనోబలం – 3వ పాఠం: నష్టాన్ని ఉన్నంతే కొలవడం

గత పాఠంలో, గాయం వల్లో జబ్బు వల్లో వ్యాయామ సాధనకు విరామం మొదలైన తొలి రోజుల చిరాకు గురించి, చెదిరిన నిద్ర గురించి, కారణం లేకుండానే ఇంట్లోవాళ్ల మీద వచ్చే విసుగు గురించి చదువుకున్నాం. అవి స్వభావ దోషాలు కావనీ, క్రమం తప్పకుండా వ్యాయామం చేసే శరీరం హఠాత్తుగా ఆగినప్పుడు కలిగే సహజమైన మార్పులనీ చెప్పుకున్నాం. (నెల రోజులు వ్యాయామం మానేస్తే నిద్రకూ మనసుకూ ఏమవుతుందో తెలుసుకోవడానికి ఫ్రెడరిక్ బేక్‌లాండ్ అనే పరిశోధకుడు ప్రయత్నించి, 1970లో ఆ ఫలితాలు ప్రకటించారు. రోజూ వ్యాయామం చేసేవారు డబ్బు ఇస్తామన్నా అందులో చేరడానికి ఒప్పుకోకపోవడంతో, వారానికి మూడు నాలుగు రోజులు చేసేవారితో ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది.) ఆ తొలి చిరాకు కాస్త సద్దుమణిగాక, సాధారణంగా రెండో వారం ప్రాంతంలో, అంతకంటే మొండి ఆలోచన ఒకటి తలెత్తుతుంది: "ఇన్నాళ్లూ సంపాదించుకున్నదంతా పోతోంది." ఆ ఆలోచనకు ధైర్యవచనాలతో కాకుండా కొలతలతో జవాబు చెప్పుకోవడమే ఈ పాఠంలో మనం నేర్చుకోవలసిన నైపుణ్యం.

సాధన చేసే మనిషికి అంకెల అలవాటు ఉంటుంది. ఎంత దూరం పరుగెత్తారు, ఎంత బరువు ఎత్తారు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది అన్నవి రోజూ కళ్లముందు కనిపిస్తూ ఉంటాయి కాబట్టి, తన స్థితి గురించి ఊహించుకోవలసిన అవసరం అతనికి రాదు. జబ్బు చేసినప్పుడో, గాయమైనప్పుడో ఆ అంకెలు ఒక్కసారిగా ఆగిపోతాయి. అప్పుడు మనసు ఆ ఖాళీని తన సొంత అంచనాలతో నింపుకుంటుంది. అవి దాదాపు ఎప్పుడూ వాస్తవం కంటే భయంకరంగానే ఉంటాయి. అందుచేత ముందుగా శరీరంలో నిజంగా ఏది ఎంత వేగంగా తగ్గుతుందో తెలుసుకుందాం.

అన్నిటికంటే ముందు తగ్గేది రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా. సాధన వల్ల పెరిగిన ప్లాస్మా, సాధన ఆగిన కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం దానివల్ల తగ్గి, అదే వేగంతో నడిచినా గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, ఆయాసం త్వరగా వస్తుంది. పది పన్నెండు రోజుల విరామం తర్వాత మెట్లెక్కితే రొప్పు వచ్చిందని బెంబేలెత్తేవారు చాలావరకు ఈ మార్పునే చూసి భయపడుతుంటారు. నిజానికి ఎంత త్వరగా పోతుందో అంత త్వరగా తిరిగి వచ్చేది కూడా ఇదే. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం, బాగా శిక్షణ పొందినవారిలో నాలుగు వారాల లోపు విరామానికి సుమారు 4 నుంచి 14 శాతం వరకు తగ్గుతుందని క్రీడాశాస్త్ర సమీక్షలు చెబుతున్నాయి. కండర బలం ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది: పూర్తిగా మంచం పట్టని పక్షంలో మూడు నాలుగు వారాల వరకు అది చాలామందిలో దాదాపు నిలిచే ఉంటుంది. అద్దంలో కండలు చిన్నవైనట్లు కనిపించడానికి తొలి వారాల్లో ఒక ముఖ్య కారణం, కండరాలు శక్తి కోసం నిల్వ చేసుకునే గ్లైకోజన్ అనే పిండిపదార్థం, దానితో పాటు ఉండే నీరు తగ్గడమే. కాబట్టి ఈ రోజుల్లో అద్దాన్ని నమ్మవద్దు.

పూర్తిగా మంచం పట్టినప్పటి సంగతి వేరు, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అదే పరిశోధనలోని రెండో సగాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు: ఆ తర్వాత సుమారు ఎనిమిది వారాల శిక్షణతో వారు పోగొట్టుకున్నది తిరిగి సంపాదించుకున్నారు, కొందరు మునుపటి స్థాయిని దాటిపోయారు కూడా. మొదటిసారి సంపాదించడానికి పట్టిన కాలం కంటే, పోయినదాన్ని తిరిగి రాబట్టడానికి పట్టే కాలం సాధారణంగా తక్కువే. నాలుగేళ్ల సాధన నాలుగు వారాల్లో తుడిచిపెట్టుకుపోదు.

ఇక అభ్యాసానికి వద్దాం. ఒక నోటుపుస్తకం తీసుకుని, పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు జరిగిన విషయాన్ని మాత్రమే రాయండి, కుడివైపు మీరు ఊహిస్తున్న విషయాన్ని రాయండి. వినడానికి తేలికగా ఉంటుంది కాని, చేస్తే తప్ప ఇందులోని కష్టం తెలియదు. ఉదాహరణకు, చీలమండ బెణికి పరుగు ఆపిన వ్యక్తిని తీసుకుందాం. "నా పరుగు పాడైపోయింది" అన్న వాక్యాన్ని అతను తడుముకోకుండా ఎడమవైపు రాసేస్తాడు, ఎందుకంటే అది అతనికి జరిగిపోయిన విషయంలాగే అనిపిస్తుంది. నిజానికి జరిగినది "పదకొండు రోజులుగా పరుగెత్తలేదు, చీలమండ వాపు తగ్గింది, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంది" అన్నంత వరకే. పరుగు పాడైందో లేదో పరుగెత్తి చూస్తే తప్ప తెలియదు కాబట్టి, ఆ వాక్యం కుడివైపుకే చెందుతుంది. ఇలా ప్రతి వాక్యాన్నీ "దీన్ని ఇంకొకరు చూసి సరిచూడగలరా?" అన్న ప్రశ్నతో పరీక్షించండి. సరిచూడలేనిది ఏదైనా కుడివైపుకు వెళ్లవలసిందే.

కుడివైపు రాసినవాటిని కొట్టివేయవద్దు, వాటితో వాదించవద్దు. వాటి పక్కన, అది నిజమో కాదో ఎప్పుడు తెలుస్తుందో, ఎలా తెలుస్తుందో రాయండి: "ఫిజియోథెరపిస్టు అనుమతించాక, తొలి తేలికపాటి పరుగులో." ఆలోచనను అణచడానికి ప్రయత్నిస్తే అది మరింత బలంగా తిరిగి వస్తుంది, దానికి ఒక గడువు పెడితే మాత్రం ఆ గడువు వరకు మనసు కొంత ఊరుకుంటుంది. మొత్తం పద్ధతిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఈ ఒక్క మెట్టుకే. రోజుకు పది నిమిషాలకు మించి పుస్తకం ముందు కూర్చోవద్దు, రాత్రి పడుకునే ముందు అసలే వద్దు.

మూడు నాలుగు రోజులు ఇలా రాశాక, తర్వాతి పేజీలో "ఇప్పటికీ చేయగలిగినవి" అన్న శీర్షిక పెట్టండి. గాయం విషయంలో ఈ పేజీ మీరు అనుకున్నదానికంటే పెద్దదే అవుతుంది. ఒక చేతికిచ్చిన శిక్షణ రెండో చేతి బలాన్ని కూడా పెంచుతుందని 1894లోనే యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం చూపించింది. అందుకే కుడిచేతికి పిండికట్టు ఉన్నప్పుడు ఎడమచేతి సాధన వృథా కాదు. 1992లో గువాంగ్ యూ, కెల్లీ కోల్ అనే పరిశోధకులు కొందరిచేత నాలుగు వారాల పాటు చిటికెన వేలిని బలంగా పక్కకు నెడుతున్నట్లు కేవలం ఊహింపజేశారు. ఆ ఊహతోనే వేలి బలం సుమారు 22 శాతం పెరిగింది, నిజంగా వ్యాయామం చేసినవారిలో 30 శాతం పెరిగింది. మణికట్టుకు నాలుగు వారాలు కట్టు వేసి ఉంచిన మరో ప్రయోగంలో, అదే కాలంలో బలంగా బిగిస్తున్నట్లు ఊహించుకున్నవారు ఊహించుకోనివారితో పోలిస్తే దాదాపు సగం బలాన్నే కోల్పోయారు. ఇందులో మాయ ఏమీ లేదు. బలంలో కొంత భాగం కండరానిదైతే, కొంత భాగం దానికి ఆజ్ఞలు పంపే నాడీవ్యవస్థది.

ఊహించడం అంటే మిమ్మల్ని మీరు తెరమీద చూసినట్లు బయటినుంచి చూడడం కాదు. కళ్లు మూసుకుని, బరువు అరచేతిని నొక్కడం, మోకాలు వంగడం, ఊపిరి బిగబట్టి వదలడం వంటి లోపలి అనుభూతులను వాటి అసలు వేగంతోనే తెచ్చుకోవాలి. గాయపడిన భాగంలో కండరం నిజంగానే బిగుసుకుంటున్నట్లు గమనిస్తే ఆపి, డాక్టరు అనుమతి ఎంతవరకు ఉందో చూసుకోండి.

జబ్బు విషయంలో మాత్రం ఈ పేజీ చాలా చిన్నది, కొన్ని రోజులు ఖాళీగానే ఉండవచ్చు. జ్వరం ఉన్నప్పుడు, ఒళ్లునొప్పులు ఉన్నప్పుడు, ఛాతీలో బరువుగా ఉన్నప్పుడు వ్యాయామం చేయకూడదు. కొన్ని వైరస్ జబ్బులలో గుండె కండరానికి వాపు రావచ్చు, ఆ స్థితిలో శ్రమిస్తే ప్రాణాపాయం ఉంది. ఆ వాపు నిర్ధారణ అయినవారిని డాక్టర్లు నెలల తరబడి పోటీలకు దూరంగా ఉంచేది అందుకే. అలాగే, కొద్దిపాటి శ్రమ చేసిన మరునాడో, ఆ మరునాడో మంచం దిగలేనంత నీరసం వస్తుంటే, దాన్ని పట్టుదలతో జయించాలని చూస్తే జబ్బు ముదురుతుంది. సాధనలో మనకు నేర్పిన "ఇంకొక్కటి" అనే సూత్రం ఇక్కడ నేరుగా శత్రువు. ఖాళీ పేజీ మీద తేదీ వేసి, "ఈ రోజు విశ్రాంతి, డాక్టరు సూచన ప్రకారం పూర్తిచేశాను" అని రాయండి. చేయకపోవడాన్ని చేసిన పనిగా నమోదు చేసుకోవడం మొదట్లో హాస్యాస్పదంగా అనిపిస్తుంది. అయినా రాయండి, ఎందుకంటే మీ క్రమశిక్షణకు ఆ రోజుల్లో మిగిలిన ఏకైక పని అదే.

తోటి సాధకుల రోజువారీ అంకెలు చూడడం ఈ వారం మానేయండి. దీని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. రోజులో ఎక్కువ సమయం దిగులుగా ఉండడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ బాగా మారిపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే, అది ఈ పుస్తకాభ్యాసంతో తీరేది కాదు. డాక్టరును గాని, మానసిక వైద్య నిపుణులను గాని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే దగ్గరివాళ్లకు చెప్పి సహాయం తీసుకోండి.

ఈ వారం పని: ఏడు రోజులూ రెండు భాగాల పేజీ రాయండి, నాలుగో రోజునుంచి చేయగలిగినవాటి పేజీ మొదలుపెట్టండి, అందులోనుంచి ఒకే ఒక్క పనిని ఎంచుకుని, మీ పాత సాధన వేళకే, రోజూ ఆ పని చేయండి. ఏడో రోజున కుడివైపు వాక్యాలన్నీ ఒకసారి చదివి, వాటిలో "మళ్లీ అక్కడే దెబ్బ తగులుతుందేమో" అన్న అర్థం వచ్చేవాటి కింద గీత గీయండి. 4వ పాఠంలో తిరిగి సాధనకు వెళ్లే తొలి రోజు గురించి, నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలుచుకునే పద్ధతి గురించి చదువుకుంటాం. అప్పుడు ఆ గీత గీసిన వాక్యాలు మీ ముందు ఉండాలి.