బాలింతను ఇంటికి తీసుకెళ్లే ముందు చూసుకోవాల్సినవి

గుంటూరు పెద్దాసుపత్రయినా, విజయవాడ నర్సింగ్ హోమ్ అయినా, మామూలు కాన్పుకు 48 గంటలు ఉండండి. మంచి రోజని ముందే కదలొద్దు. సిజేరియన్ అయితే కుట్లు చూసి డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

- రక్తస్రావం ముఖ్యం. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, నిమ్మకాయంత గడ్డలు పడినా వెంటనే నర్సును పిలవాలి. గర్భసంచి సరిగా ముడుచుకోకపోయినా, మాయ ముక్క లోపల మిగిలినా ఇలా అవుతుంది. ఇంటికెళ్లాక కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూడొద్దు.
- బయల్దేరే రోజు బీపీ చూపించండి. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య మళ్లీ పెరగొచ్చు, అంటే ఇంట్లో ఉన్నప్పుడే. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే వాతం అనుకోకండి.
- మూత్రం సాఫీగా వస్తోందా?
- బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పడ్డాయా? చివరిది 24 గంటల్లోపే పడాలి.
- తల్లికి ఐరన్ మాత్రలు 180 రోజులకు సరిపడా.

మన వైపు పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గిస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు: మలబద్ధకం వచ్చి ముక్కితే కుట్లు లాగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. దాహమైనప్పుడల్లా, పాలిచ్చిన ప్రతిసారీ గ్లాసుడు ఇవ్వండి.

ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉచితం. డిశ్చార్జి కాగితం రాస్తున్నప్పుడే అడగండి.