హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకునే ముందు: ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

• మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను తగ్గించడానికి వేసే ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ ఇంజెక్షన్లు పడ్డాక మొదటి వారం, రెండు వారాలు అది తగ్గకపోగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ప్రభావాన్ని అడ్డుకోవడానికే బైకాల్యుటమైడ్ మాత్రలిస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాయించుకోండి. జబ్బు వెన్నెముకకు పాకినవాళ్లకు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. డెగారెలిక్స్ అనే మరో ఇంజెక్షన్‌తో టెస్టోస్టిరాన్ ఇలా పెరిగే ఇబ్బంది రాదు.

• డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే పరీక్ష), విటమిన్ డి, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, ఈసీజీ ముందే చూపించుకోండి.

• పన్ను పీకించాల్సి ఉంటే ఇప్పుడే. ఎముకల కోసం తర్వాత జోలెడ్రానిక్ యాసిడ్ అనే మందు ఇస్తే, పీకిన చోట దవడ ఎముక మానకుండా పోవచ్చు.

• ఈ ఇంజెక్షన్లతో ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు వస్తాయి. కారం, కాఫీ, మద్యం వీటిని రెచ్చగొడతాయి. గుంటూరులో కారం మానమనడం వృథా. రాత్రి భోజనంలోనైనా తగ్గించండి. ఆవిరి నిమిషాల్లో పోతుంది. మే ఎండలో ఒళ్లు కాలుతూ మాట తడబడితే మాత్రం అది వడదెబ్బే.

• కాల్షియం తిండితో కలిపి రోజుకు 1000–1200 మిల్లీగ్రాములు. గ్లాసు పాలలో దాదాపు 300 ఉంటుంది, రాగుల్లోనూ బాగానే ఉంటుంది. అంతా మాత్రలతో నింపక్కర్లేదు.

• కృష్ణ ఒడ్డున నడక మంచిదే, కానీ ఈ ఇంజెక్షన్లతో కరిగే కండకు అదొక్కటే చాలదు. వారానికి 2 సార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండు లాగడం చేయాలి.

• కోరిక తగ్గుతుంది, చిరాకు, దిగులు రావచ్చు. డాక్టరు దగ్గరికి భార్యనూ తీసుకెళ్లండి.