వాకిట్లో చెట్టుకు దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, ఎట్లా రాయాలి (వరంగల్, హనుమకొండ వాళ్లకు)

మా గల్లీలో ఒక పెద్ద వేపచెట్టు ఉంది. పోయినేడు కార్తీకం దాటేసరికి కొసలన్నీ ఎర్రగా మాడిపోయి ఎవరో కింద మంట పెట్టినట్టు నిలబడితే, "చచ్చిపోయింది, కొట్టేయిద్దాం, రేపు ఎవరి మీదన్నా పడితే ఎవరిది బాధ్యత" అని ఎదురింటి అంకుల్ మొదలుపెట్టారు. దరఖాస్తు రాసే పని నా మీద పడింది. ఒక ఆఫీసుకు పోతే ఇది మాది కాదన్నారు, వాళ్లు చెప్పిన చోటికి పోతే మళ్లీ మొదటి చోటికే పంపారు. మూడు సెలవులు పోయాక తెలిసింది, తప్పులో సగం నాదే. కాగితం మీద "చెట్టు సమస్య గురించి" అని రాశాను. అట్లాంటి సమస్య చూసే సీటు ఏ ఆఫీసులోనూ ఉండదు. తీగలకు తగిలే కొమ్మ ఒకరిది, రోడ్డు పక్క ఎండుకొమ్మ ఇంకొకరిది, మొదలంటా నరకడం వేరే శాఖది. అందుకే కలం పట్టేముందు చెట్టుకు ఏం చేయించాలో తేల్చుకోండి, ఆఫీసు దానంతటదే తేలుతుంది.

కరెంటు తీగల సంగతి అన్నిటికంటే తేలిక. కొమ్మ తీగకు ఆనుతుంటే అది ఎన్‌పీడీసీఎల్, అంటే మన కరెంటు సంస్థ పని. 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు, వీధి పేరు చెప్పండి, లేకపోతే మీ ఏరియా సెక్షన్ ఆఫీసులో ఒక కాగితం ఇవ్వండి. లైన్ ఆపకుండా ఎవరూ చెట్టెక్కొద్దు, ఎక్కించొద్దు, రెండొందలు ఇస్తే ఎక్కేవాళ్లు దొరికినా సరే. ఒక్కటి మాత్రం ముందే చెప్పుకోండి: లైన్‌మన్‌కు తీగ ముఖ్యం, చెట్టు కాదు. మనం దగ్గర లేకపోతే ఒకవైపు మొత్తం చెక్కేసి పోతారు, బరువంతా రెండోవైపుకు ఒరిగి గాలిదుమారంలో అదే చెట్టు పడుతుంది. కొట్టే రోజు కింద నిలబడి, "అన్నా, ఈ కొమ్మ వరకే చాలు" అంటే చాలామంది వింటారు.

రోడ్డు మీది చెట్లకు, పార్కు చెట్లకు ఎండుకొమ్మలు తీయించాలన్నా, మొదలు చుట్టూ పోసిన సిమెంటు పగలగొట్టించాలన్నా గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌కు పెట్టాలి, కమిషనర్ పేరు మీద. ఈ సిమెంటు విషయం జనం పట్టించుకోరు. సీసీ రోడ్డు వేసేటప్పుడు చెట్టు మొదలుకు ఆనించి కాంక్రీటు పోస్తారు, నీళ్లూ గాలీ లోపలికి పోవు, నాలుగేళ్లకు చెట్టు నీరసించిపోతుంది, అప్పుడు "ముసలిదైంది" అంటాం. 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులకు చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఆ ఉత్తర్వు ఢిల్లీదే అయినా మన దరఖాస్తులో ఒక వాక్యం రాస్తే చదివేవాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు.

ఇక నరకడం. చెట్టు మీ సొంత జాగాలో ఉన్నా సరే, అడక్కుండా కొట్టడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, అందరూ వాల్టా అంటారు, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. అనుమతి కోసం అటవీ శాఖకు, అంటే జిల్లా అటవీ అధికారికి పెట్టుకోవాలి. మీసేవలో అడిగి చూడండి, అక్కడ కుదరకపోతే నేరుగా ఆఫీసు ఇన్‌వర్డ్‌లో, అంటే కాగితాలు తీసుకునే సీటులో ఇవ్వండి. ఇక్కడ మన ఊళ్లో ఒక తిరకాసు ఉంది. కార్పొరేషన్ ఒకటే గానీ జిల్లాలు రెండు. 2021 ఆగస్టులో పేర్లు మారినప్పటి నుంచి సుబేదారి, కాజీపేట వైపు హనుమకొండ జిల్లా, ఖిలా వరంగల్ వైపు వరంగల్ జిల్లా. దరఖాస్తు మీద జిల్లా, మండలం తప్పు రాస్తే అది టేబుళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది.

నరికే దరఖాస్తుకు ఏం జత చేయాలంటే: ఆధార్ కాపీ, జాగా మీదేనని చూపే కాగితం (ఇంటి పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ కాపీ), చెట్టు ఏ జాతిదో, ఎన్ని ఉన్నాయో, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత ఎంతో. కొలతకు దర్జీ టేపు చాలు. ఇల్లు ఎక్కడ, గోడ ఎక్కడ, చెట్టు ఎక్కడ అని చేత్తో గీసిన బొమ్మ ఒకటి. కారణం ఒట్టి "అడ్డంగా ఉంది" అని రాయకండి. గోడ పగిలిందా, మొదలు తొర్ర పడిందా, ఎటు ఒరిగిందో ఫోటోతో చూపండి. తర్వాత అటవీ సిబ్బంది వచ్చి చూసి రిపోర్టు రాస్తారు, అనుమతి ఇస్తే బదులు మొక్కలు నాటాలనే షరతు ఉంటుంది. దుంగలు బండిలో వేసి తీసుకుపోవాలంటే దానికి మళ్లీ రవాణా పర్మిట్ వేరే, ఇది తెలియక దారిలో ఇరుక్కున్నవాళ్లున్నారు.

కానీ వేపచెట్టుకైతే నరికే దరఖాస్తు పెట్టేముందు ఉగాది దాకా ఆగండి. 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపలు ఇట్లాగే మాడాయి గుర్తుందా? అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. వానల్లో కొసల నుంచి మొదలై చలికాలానికి చెట్టు మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది, ఎండ ముదిరాక చాలావరకు చెట్లు కింది కొమ్మల నుంచి మళ్లీ చిగురిస్తాయి. గోటితో చిన్న కొమ్మ బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. మా గల్లీ చెట్టుకు అంకుల్ చేతనే గీకించాను. ఇష్టం లేకుండానే "సరే చూద్దాం" అన్నారు. అందుకే మేము నరకడం మాటెత్తకుండా ఎండుకొమ్మలకు మాత్రమే పెట్టాం. రాసింది ఇదీ, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్. విషయం: మా వీధిలోని వేపచెట్టు ఎండుకొమ్మలు తీయించి, మొదలు చుట్టూ సిమెంటు తొలగించడం గురించి. అయ్యా, పై చిరునామాలో రోడ్డు పక్కన సుమారు ఆరడుగుల చుట్టుకొలత గల వేపచెట్టు ఉన్నది. తెగులు వల్ల కొసలు ఎండినవి కానీ చెట్టు బతికే ఉన్నది. దారిన పోయేవారిపై పడేలా ఉన్న ఎండుకొమ్మలను మాత్రమే కోయించి, పచ్చికొమ్మలు ఉంచవలసిందిగా, మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి వదిలించవలసిందిగా కోరుతున్నాము. ఫోటోలు జతచేసినాము."

కింద పదకొండు ఇళ్ల సంతకాలు, ఇంటి నంబర్లు, ఒక ఫోన్ నంబరు. "మాత్రమే" అన్న మాట వదలొద్దు, అది లేకపోతే కొమ్మలన్నీ పోయి మొండెం మిగులుతుంది. పెద్ద కొమ్మ కోసేటప్పుడు ముందు కింద నుంచి ఒక గాటు పెట్టి తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు, కొమ్మ మానును కలిసేచోట ఉండే ఉబ్బును ముట్టకుండా కోస్తే గాయం తొందరగా మూసుకుంటుంది. ఇదీ నిలబడి చెప్పాల్సిందే.

మొక్కలు కావాలంటే మృగశిర రాకముందే దరఖాస్తు పెట్టండి. వన మహోత్సవం (2015 నుంచి చూసిన హరితహారమే, పేరు మారింది) మొక్కలు వానాకాలంలో ఇస్తారు, ఆలస్యమైతే మిగిలినవే దొరుకుతాయి. ఒట్టి "మొక్కలు ఇప్పించగలరు" అంటే ఏదో ఒకటి ఇస్తారు, కాబట్టి తీగలు లేనిచోటికి కానుగ, నేరేడు, వేప అని, తీగల కిందికి గన్నేరు, పారిజాతం అని, ఎన్ని గుంతలు ఎక్కడ తవ్వి పెట్టారో, నీళ్లు ఎవరు పోస్తారో కూడా రాయండి. కోనోకార్పస్ ఇస్తే తీసుకోకండి, దాన్ని పెంచొద్దని ప్రభుత్వమే నర్సరీలకు చెప్పింది. డబ్బుల్లేవు, ట్రీ గార్డులు లేవు అంటే 2019 మున్సిపల్ చట్టం గుర్తుచేయండి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని, నాటినవాటిలో 85 శాతం బతకాలని అందులోనే ఉంది.

ఎక్కడ ఇచ్చినా రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకోండి. అది లేకుండా రెండోసారి పోతే మీరెవరో వాళ్లకు తెలియదు. పదిహేను రోజులు చూసి కదలకపోతే సోమవారం అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఆ నంబరుతోనే మళ్లీ ఇవ్వండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద "నా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారు" అని ఒక్క ప్రశ్న వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాకు అంతదాకా రాలేదు, ప్రజావాణి తర్వాత నిచ్చెన బండి వచ్చింది. సిమెంటు మాత్రం ఇంకా సగమే పగిలింది, మిగతా సగానికి రెండో దరఖాస్తు ఇచ్చాం, ఈసారి రాసింది అంకులే.