దసరా రద్దీకి ముందే ఏ యాప్ లాగ్‌ను ఆ యాప్‌కి వేరు చేసుకోండి

మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారు. ఆ రోజు బెజవాడలో లాడ్జి గది దొరకడం గగనం. క్యూలైన్లు నిండే సమయానికే లాడ్జీల, ట్రావెల్స్ సైట్ల మీదా ఒత్తిడి పడుతుంది. ఒకే సర్వర్ మీద నాలుగైదు సైట్లు నడుపుతున్న చిన్న ఆఫీసుల వాళ్లు పాడ్యమికి కనీసం వారం ముందే ప్రతి సైట్ లాగ్‌ను, అంటే ప్రోగ్రామ్ ఎప్పుడేం చేసిందో రాసుకునే ఫైల్‌ను, వేరు చేసే పని ముగించుకోవాలి.

మాకు తగిలిన దెబ్బ చెబుతాను. లాడ్జి బుకింగ్, ట్రావెల్స్ టికెట్లు, క్యాటరింగ్ ఆర్డర్లు మూడూ ఒకే టామ్‌క్యాట్‌లో (జావా యాప్‌లను నడిపే సర్వర్ ప్రోగ్రామ్) ఉండేవి. మూడింటి లాగూ ఒకే ఫైల్లో పడేది. తెల్లవారుజామున నాలుగింటికి లాడ్జి ఆయన ఫోన్ చేశారు: "ఏమండీ, రూములు బుక్ అవట్లేదు, కౌంటర్ దగ్గర జనం గొడవ చేస్తున్నారు." లాగ్ తెరిస్తే కనెక్షన్ టైమౌట్ అన్న లైను వందలసార్లు ఉంది. ఏ యాప్‌దో చెప్పే పేరు ఒక్క లైనులోనూ లేదు. పైగా టైము 22:30 అని ఉంది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందని, మనకంటే అయిదున్నర గంటలు వెనకని గుర్తుకు రావడానికే కాసేపు పట్టింది.

ట్రావెల్స్ యాప్‌లో డీబగ్ (ప్రతి చిన్న అడుగునూ లాగ్‌లో రాసే సెట్టింగ్) ఆన్ చేసి మర్చిపోయాం. ఆ లాగ్ డిస్క్‌ను నింపేసింది. చోటు లేకపోతే డేటాబేస్ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్ రాయడం ఆపి చోటు కోసం ఎదురుచూస్తుంది, ఈలోగా కనెక్షన్లు పేరుకుపోతాయి. టామ్‌క్యాట్‌ను రూట్ యూజర్‌తో (అన్ని హక్కులూ ఉండే ఖాతా) నడపడం ఇంకో తప్పు. లైనక్స్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం దాచిపెడుతుంది. అందుకే డేటాబేస్‌కి చోటు లేకపోయినా లాగ్ మాత్రం రాస్తూనే ఉంది. కంగారులో ఆ పెద్ద ఫైల్‌ను డిలీట్ చేశాం, అయినా చోటు పెరగలేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోయినా చోటు ఖాళీ కాదు. అలాంటప్పుడు డిలీట్ చేయకండి, ట్రంకేట్ కమాండ్‌తో ఫైల్ సైజును సున్నా చేయండి.

ఇక చేయాల్సినవి. వెబ్ సర్వర్ అపాచీ అయితే ప్రతి వర్చువల్ హోస్ట్‌లో (ఒక్కో సైట్ సెట్టింగుల భాగం) కస్టమ్‌లాగ్ (వచ్చిన రిక్వెస్టులకు), ఎర్రర్‌లాగ్ (తప్పులకు) రెండూ రాయండి. చాలామంది మొదటిది రాసి రెండోది వదిలేస్తారు, అప్పుడు తప్పులన్నీ మళ్లీ ఉమ్మడి ఫైల్లోకే పోతాయి. ఇంకో వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్‌లోనూ ప్రతి సర్వర్ బ్లాక్‌కి (అక్కడ సైట్ సెట్టింగుల భాగం పేరు) రెండూ కావాలి. లాగ్ ఉన్న ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రం క్లయింటుకి ఇవ్వొద్దు. అపాచీ ఆ ఫైళ్లను రూట్‌గా తెరుస్తుంది కాబట్టి, ఆ హక్కు ఇస్తే సర్వర్ తాళం చేతికిచ్చినట్టే. చూసుకుంటామని అడిగితే కాపీ ఇవ్వండి. పీహెచ్‌పీ సైట్లకు ఒక్కోదానికి ఒక్కో పూల్ (ఆ సైట్‌కే పనిచేసే ప్రాసెస్‌ల గుంపు), ఒక్కో యూజర్, ఒక్కో ఎర్రర్ లాగ్.

టామ్‌క్యాట్‌లో లాగింగ్ లైబ్రరీని (లాగ్ రాసే కోడ్) ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టకుండా ప్రతి యాప్ లోపలే, దాని సెట్టింగ్ ఫైల్‌తో సహా పెట్టండి. దీనివల్ల ఒక బాధ్యత పెరుగుతుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో బయటపడిన భద్రతా లోపం గుర్తుందిగా? ఇప్పుడు ఆ లైబ్రరీకి ఎన్ని కాపీలుంటే అన్నిటి వెర్షనూ విడివిడిగా చూసుకోవాలి.

నేను గట్టిగా చెప్పేది లాగ్‌రొటేట్ గురించి, అంటే నిండిన లాగ్‌ను పక్కకు తీసి కొత్తది మొదలుపెట్టే ప్రోగ్రామ్ గురించి. 500 ఎంబీ దాటగానే తిప్పమని రాసేసి నిశ్చింతగా ఉంటారు. కానీ అది మామూలుగా రోజుకి ఒక్కసారే నడుస్తుంది, సైజు చూసేదీ అప్పుడే. పండగ పది రోజులూ గంటకోసారి నడిచేలా పెట్టండి. వీలైతే లాగ్‌లకు వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) ఇవ్వండి. అప్పుడు ఎంత నిండినా డేటాబేస్ జోలికి రాదు.

ఫోన్ నంబర్లు, ఓటీపీలు, కార్డు వివరాలు లాగ్‌లో పడకూడదు. భక్తులు నమ్మి ఇచ్చిన వివరాలవి. పాత లాగ్‌లను మాత్రం తొందరపడి చెరపొద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దాచాలి. కుదించి వేరే చోట పెట్టుకోండి.

అన్నీ అయ్యాక ప్రతి సైట్‌లోనూ లేని పేజీ ఒకటి అడగండి, యాప్‌లో కావాలని ఒక ఎర్రర్ తెప్పించండి. ఆ లైను ఎక్కడ పడిందో ఫైల్ తెరిచి కళ్లతో చూడండి. ఏ సైట్ లాగ్ ఏ ఫైల్లో ఉందో, టైము యూటీసీనా మనదా అన్నది ఒక కాగితం మీద రాసి, రాత్రి డ్యూటీలో ఉండే అబ్బాయి టేబుల్ ముందు గోడకి అంటించండి.